పట్టా అమ్ముకోవద్దు – పునాది ఆపొద్దు

(ఇళ్ల పట్టాలు వచ్చినవాళ్లూ, ఇంకా రానివాళ్లూ కలిసి కడియంలో పెట్టుకున్న సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నే నర్సరీ పనికెళ్లి కాళ్లకంటిన ఎర్రమట్టి కడుక్కుని నేరుగా ఇక్కడికొచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు, తాపీ పనిలోంచీ బట్టీ పనిలోంచీ వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు జై భీములు.

మమ్మల్ని ఈ సభకి పిలిచినవాళ్లు ఒకటే మాట చెప్పారు. “మాస్టారూ, ఈ రోజుల్లో ఇల్లు కట్టడం మన వల్ల కాదని జనం డీలా పడిపోతున్నారు. రెండు ధైర్యం మాటలు చెప్పండి” అన్నారు. ధైర్యం చెప్పడం తేలికే. అయిదేళ్లకోసారి మైకు పట్టుకుని వచ్చేవాళ్లు అదే చెప్పి పోతున్నారు. వట్టి ధైర్యంతో శ్లాబు పడదు. అందుకని మేము లెక్కలు మాట్లాడదామని వచ్చాం. మనకి ఇల్లు ఎట్లా వచ్చిందో ఒక లెక్క. వచ్చింది చేజారిపోతే ఎట్లా పోతుందో ఒక లెక్క. ఎట్లా నిలబెట్టుకోవాలో ఒక లెక్క. ఈ మూడూ సరిగ్గా చూసుకుంటే ఆశ పెట్టుకోవచ్చో లేదో మీకే తెలుస్తుంది.

సభ కోసం పేటలు తిరుగుతున్నప్పుడు ఒక చెల్లెమ్మ మమ్మల్ని అడిగింది. “పట్టా అమ్మేసుకుంటే తప్పా అండి? పునాది వేసి నాలుగేళ్లయ్యింది. పైకి లేపే దారి లేదు. పునాదిలో పిచ్చిమొక్కలు లేచిపోయాయి. ఒకాయన తెల్లకాగితం మీద రాయించుకుని డబ్బిస్తానంటున్నాడు. పిల్లకి కాలేజీ ఫీజైనా కట్టుకుంటాను కదా” అంది. ఆ అమ్మని తప్పు పట్టే హక్కు మాకు లేదు. ఆకలి తెలియనివాళ్లు నీతి చెబుతారు. మాకు ఆకలి తెలుసు. కానీ జవాబు చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది. ఇవాళ మేము మాట్లాడేదంతా ఆ ప్రశ్నకి జవాబే.

కడియం పేరు చెబితే దేశమంతా నర్సరీలు అంటుంది. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక, ఎటు చూసినా మొక్కలే. హైవే మీద కార్లు ఆపుకుని ఫొటోలు తీసుకుంటారు. కవర్లలో మట్టి నింపేది ఎవరు? అంట్లు కట్టేది ఎవరు? ఎండలో వంగి కలుపు తీసి, నీళ్లు పట్టి, లారీకి ఎత్తేది ఎవరు? మన పేటల ఆడవాళ్లే ఎక్కువ. మన చేతుల మీద పెరిగిన మొక్క హైదరాబాదులో, బెంగుళూరులో గేటెడ్ కమ్యూనిటీ ముందు దర్జాగా నిలబడుతుంది. దాన్ని పెంచిన మనిషి సాయంత్రానికి కాలువ గట్టు మీద పాకలోకి వంగి దూరుతుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మొక్కలు కొనేవాడు లేడు, లారీ కదల్లేదు, మన కూలి ఆగిపోయింది. ఆ దెబ్బ నుంచి యజమానులు కొంత తేరుకున్నారు. కూలివాళ్ల ఇళ్లలో ఆ రోజుల అప్పు ఇంకా తీరలేదు. పైగా నర్సరీల వల్ల ఇక్కడ సెంటు భూమి ధర ఆకాశానికి అంటింది. మన చెమటతోనే ఈ నేల విలువ పెరిగింది. ఆ పెరిగిన విలువే మనల్ని ఈ నేల మీద సెంటు కొనుక్కోనివ్వకుండా చేసింది. ఇది మొదట గుర్తు పెట్టుకోండి.

ఇల్లు అనేది అందరికీ అవసరమే. కానీ మనకి ఇల్లు అంటే ఇంకో అర్థం ఉంది. మన తాతల కాలంలో పాక వేసుకున్న జాగా కామందుది. కూలి ఎక్కువడిగితే, ఎదురు మాట్లాడితే, ఓటు వేరేవాళ్లకి వేస్తే “పాక పీక్కుని పో” అనేవాడు. నోరు తెరవాలంటే ముందు కాళ్ల కింద నేల మనదై ఉండాలి. అది లేదు కాబట్టే మనవాళ్లు తరాల తరబడి తల వంచుకుని బతికారు. మన రాజమండ్రిలో వైద్యం చేసుకుంటూ బతికిన కుసుమ ధర్మన్న 1921లోనే ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని గొంతెత్తాడంటే ఈ బతుకు చూసే. తెల్లదొర పోయినా పాక కింద నేల నల్లదొరదే అయితే మనకొచ్చిన స్వాతంత్య్రం ఏమిటి?

పాక కూడా నిలిచేది కాదు. వేసవి వస్తే తాటాకు ఇళ్లు వరసగా అంటుకునేవి. మన కోనసీమ కవి బోయి భీమన్న తన పుస్తకానికి ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ అని పేరు పెట్టాడు. ఆ పుస్తకానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డు వచ్చింది గానీ గుడిసెలు కాలడం ఆగలేదు. వాన వస్తే ఇంకో కథ. 1986 ఆగస్టులో గోదావరి వచ్చినప్పుడు, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను పడ్డప్పుడు ముందు పోయినవి ఎవరి ఇళ్లు? ఏటి ఒడ్డునా కాలువ గట్టునా పల్లంలో ఉన్న మన ఇళ్లే. డాబా ఇంటివాడికి వరద అంటే నాలుగు రోజుల ఇబ్బంది. మనకి వరద అంటే మళ్లీ మొదటి నుంచి నిట్టాడి పాతుకోవడం.

చదువుకుంటే ఇల్లు దొరుకుతుందనుకునేవాళ్లు బాబాసాహెబ్ సంగతి తెలుసుకోవాలి. అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లాడు. అంత చదువు చదివిన మనిషికి ఆ ఊళ్లో తల దాచుకునే గది దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో వేరే పేరు చెప్పుకుని ఉంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఊళ్లో ఉన్న స్నేహితులు కూడా ఇంట్లో పెట్టుకోలేకపోయారు. రైలు వేళ దాకా పార్కులో కూర్చుని వెనక్కి వెళ్లిపోయాడు. ఆ మనిషే తర్వాత బొంబాయి దాదర్‌లో ‘రాజగృహ’ అని సొంత ఇల్లు కట్టుకున్నాడు. ఎవరికి చూపించుకోడానికి? వేలాది పుస్తకాలు పెట్టుకుని, ఎవడూ లే అనకుండా కూర్చుని చదవడానికి, రాయడానికి. బాబాసాహెబ్ లాంటివాడికే సొంత గోడలు అవసరమయ్యాయంటే మనకి అవసరం కాదా?

వందేళ్లు గడిచాయి కదా, ఇప్పుడు ఎవరు అడుగుతున్నారండి అంటారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికొచ్చిన మొదటి తరం మేము. ఉద్యోగం వచ్చిన కొత్తలో పట్నంలో అద్దె ఇంటికి తిరిగాం. “టు లెట్” బోర్డు ఉంటుంది. మాస్టారని చెబితే కుర్చీ వేస్తారు. “ఏ ఊరండి? ఇంటిపేరేంటండి? నీసు తింటారాండి?” మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి “నిన్ననే ఒకళ్లు అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండి, ఏమీ అనుకోకండి” అనేవాళ్లు. కులం పేరెత్తకుండానే కులం అడిగేశారు, పంపించేశారు. ఇది మా ఒక్కళ్ల సంగతి కాదు. ఇక్కడ కూర్చున్న ఉద్యోగస్తులందరూ చెబుతారు. అద్దె దొరికినా ఇంకో భయం. ఇంట్లో పెద్దవాళ్లకి ప్రాణం మీదికి వస్తే “పోయేలా ఉన్నారు, మీ ఊరు తీసుకుపొండి” అనే ఇంటివాళ్లు ఎంతమంది లేరు? సొంత గుమ్మం లేనివాడికి చచ్చిపోవడానికి కూడా చోటు ఉండదు. డిగ్రీ పట్టా ఒకటి, ఇంటి పట్టా ఒకటి. రెండూ ఉంటేనే మనిషి నిటారుగా నిలబడగలడు.

ఇక మొదటి లెక్కకి వద్దాం. మనకి ఇల్లు ఎట్లా వచ్చింది? దయ తలిచి ఇచ్చారా? చరిత్ర చూడండి. 1975 ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూమి లేనివాళ్లకి ఇళ్ల స్థలాలు అన్న మాట పెట్టారు. 1979లో రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ వచ్చింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వంలో పక్కా ఇళ్ల కార్యక్రమం ఊపందుకుంది. 1985లో ఇందిరా ఆవాస్ మొదలైంది. మొదట్లో అది ఎస్సీ ఎస్టీలకి, విముక్తి పొందిన వెట్టి కూలీలకి మాత్రమే ఉద్దేశించినది. అదే 1985లో జులై 17న కారంచేడు జరిగింది. ఆరుగురిని చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. ప్రభుత్వం రాజీ చేస్తాను, ఊరికి వెళ్లిపొమ్మంది. మనవాళ్లు వెళ్లం అన్నారు. మా మనుషుల్ని చంపినవాళ్ల పొలాల మీద ఆధారపడి, వాళ్ల చెరువు నీళ్ల కోసం మళ్లీ వాళ్ల ముందు నిలబడం అన్నారు. ఆ పట్టుదలలోంచి దళిత మహాసభ పుట్టింది, చీరాలలో విజయనగర్ కాలనీ లేచింది. అన్నీ పోగొట్టుకుని, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఉన్న మనుషులు అడిగి, పోట్లాడి, ఇళ్లు కట్టించుకున్నారు. కష్టకాలంలో ఆశ అంటే మేము దాన్నే అంటాం. ఎదురుచూస్తూ కూర్చోవడాన్ని ఆశ అనం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన కాలనీల కోసం ప్రభుత్వం భూమి సేకరించినప్పుడల్లా భూస్వాములు కోర్టుకి వెళ్లేవాళ్లు. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ల కోసం తీసుకున్న భూమి మీద అట్లాంటి కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చమేలీ సింగ్ కేసు అంటారు. 1995 డిసెంబరులో తీర్పు వచ్చింది. భూసేకరణ చెల్లుతుందన్నారు. అంతే కాదు, తల దాచుకునే చోటు మనిషి జీవించే హక్కులో భాగమన్నారు. రాజ్యాంగం 21వ అధికరణంలోకి ఇల్లు వచ్చి చేరింది. ఇంతకీ ఎవరి ఇంటి గొడవలో ఆ మాట వచ్చింది? మనవాళ్ల ఇంటి గొడవలోనే. దేశంలో ఏ కులం పేదవాడైనా ఇవాళ ఇల్లు నా హక్కు అని అడగగలుగుతున్నాడంటే దానికి దళితుల ఇంటి స్థలం ఒక కారణం. మనం చేయి చాచేవాళ్లం కాదు, హక్కు రాయించినవాళ్లం.

ఆ తర్వాత 2006లో ఇందిరమ్మ వచ్చింది. 2020 డిసెంబరు 25న మన తూర్పు గోదావరిలోనే, కొత్తపల్లి మండలం కొమరగిరిలో, ‘పేదలందరికీ ఇళ్లు’ అని పట్టాలివ్వడం మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద 30 లక్షలకు పైగా పట్టాలు ఆడవాళ్ల పేరున ఇచ్చారు. ఆడవాళ్ల పేరున అన్నది మంచి మాట. తాగుడుకీ పేకాటకీ తాకట్టు పెట్టే చేతుల్లోంచి కాగితం తప్పించారు. కానీ ఊళ్లలో ఇచ్చింది ఒకటిన్నర సెంటు. సెంటు అంటే 48.4 గజాలు. ఒకటిన్నర సెంటు అంటే 72.6 గజాలు. అందులో ఇల్లు, దొడ్డి, బాత్రూం, మెట్లు, గొడ్డు కట్టుకునే చోటు, రేపు కొడుక్కి పెళ్లయితే ఇంకో గది! 2024 ఎన్నికల్లో ఊళ్లలో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామని హామీ ఇచ్చారు. ఎవరు ఇచ్చారు, ఎవరు తక్కువ ఇచ్చారు అని పార్టీల తగువు మనకొద్దు. కాగితం ఎవరి బొమ్మతో వచ్చినా దాని మీద పేరు మనది. బొమ్మలు మారిపోతాయి, పేరు ఉంటుంది.

ఇక రెండో లెక్క. వచ్చింది ఎట్లా పోతోంది? మొదటిది ధరల దెబ్బ. కేంద్రం 2016లో గ్రామీణ ఆవాస్ యోజన పెట్టినప్పుడు మైదాన ప్రాంతంలో ఇంటికి లక్షా ఇరవై వేలు అంది. 2024లో రెండో విడతకి ఆమోదం ఇచ్చినప్పుడు కూడా అదే లక్షా ఇరవై వేలు. ఇన్నేళ్లలో ఇనుము ధర అక్కడే ఉందా? ఇటుక ఉందా? మేస్త్రి కూలి ఉందా? మన రాష్ట్రంలో 2020 నాటి ఇళ్లకి లక్షా ఎనభై వేలు అన్నారు, పైన పావలా వడ్డీకి 35,000 బ్యాంకు అప్పు అన్నారు. దానితో ఇల్లు లేచిందేమో లేపి చూసినవాళ్లని అడగండి. సిమెంటు సంగతి వినండి. 2017 జులై నుంచి 2025 సెప్టెంబరు దాకా సిమెంటు మీద పన్ను 28 శాతం. అదే బంగారం మీద 3 శాతం. బంగారం కొనేవాడికి అంత తక్కువ పన్ను, గోడ కట్టుకునేవాడికి అంత ఎక్కువ పన్ను! 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుకి 18 శాతం చేశారు. తగ్గినందుకు సంతోషమే. కానీ ఎనిమిదేళ్లు మన చేత అంత కట్టించుకున్న సంగతి మర్చిపోకూడదు.

ఇసుక చూడండి. గోదావరి మన పక్కనే పారుతుంది. 2019లో కొత్త ఇసుక విధానమని ఆపేస్తే, పైన వరదలు తోడైతే, నెలల తరబడి తాపీ పనులు ఆగిపోయాయి. ఆ ఏడాది మేస్త్రీల ఇళ్లలో, సెంట్రింగు కూలీల ఇళ్లలో పొయ్యి ఎట్లా వెలిగిందో మీకు తెలుసు. 2024 జులై 8 నుంచి ఉచిత ఇసుక అన్నారు. ఇసుక ఉచితమే గానీ లోడింగుకీ బండి కిరాయికీ డబ్బు కట్టాలి. ఏటి గట్టున పుట్టి ఇసుక కోసం అప్పు చేసే రాత మనది.

రెండోది అప్పు దెబ్బ. ఇక్కడ పిల్లలున్నారు, పలకా బలపం తీసుకోండి. లక్ష రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెలకి వడ్డీ 3,000. ఏడాదికి 36,000. మూడేళ్లకి 1,08,000. అంటే లక్ష తెచ్చి లక్షా ఎనిమిది వేలు కట్టాం, అసలు లక్షా అట్లాగే ఉంది. అదే లక్ష బ్యాంకు వాడు ఏడాదికి 9 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకి ఇస్తే నెలకి కట్టాల్సింది సుమారు 900 రూపాయలు. అందులో అసలు కూడా తీరిపోతుంది. ఉద్యోగస్తుడికి 900, కూలివాడికి 3,000. డబ్బున్నవాడికి చవక డబ్బు, లేనివాడికి ఖరీదు డబ్బు. ఎందుకంటే బ్యాంకు జీతం కాగితం అడుగుతుంది. నర్సరీలో కవర్లు నింపితే జీతం కాగితం ఎవరిస్తారు? అందుకని మైక్రో ఫైనాన్సు వాడు గుమ్మంలోకి వస్తాడు. వారం వారం కట్టమంటాడు. 2010లో ఈ అప్పుల వేధింపులకి మన రాష్ట్రంలో ఎంతోమంది ఉరిపోసుకుంటే ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అది మర్చిపోకండి.

ఇది మన దగ్గరే అనుకోకండి. 2008లో అమెరికా అంతటి దేశంలో ఇళ్ల అప్పుల మీదే ఆర్థిక వ్యవస్థ కూలింది. కట్టగలరో లేదో చూడకుండా, వడ్డీ తర్వాత పెరుగుతుందని సరిగ్గా చెప్పకుండా, నల్లజాతి కుటుంబాలకి ఎక్కువగా అట్లాంటి అప్పులు అంటగట్టారు. వాయిదాలు ఆగగానే ఇళ్లు జప్తు చేశారు. అప్పు ఇచ్చిన పెద్ద బ్యాంకులకి ప్రభుత్వం సాయం చేసింది, ఇల్లు పోయినవాళ్లు రోడ్డున పడ్డారు. 1972లో మన దళిత పాంథర్లు ఆ నల్లజాతి పాంథర్ల పేరే పెట్టుకున్నారు. వాళ్ల పోరాటం నుంచి నేర్చుకున్నాం, వాళ్ల ఇళ్లు పోయిన తీరు నుంచి కూడా నేర్చుకోవాలి. ఇల్లు లేకపోవడం ఒక బాధ. వచ్చిన ఇల్లు వడ్డీకి పోవడం అంతకన్నా పెద్ద బాధ.

మూడోది అమ్మకం. తెల్లకాగితం మీద రాయించుకుని డబ్బిస్తానన్నవాడి లెక్క ఏమిటి? ప్రభుత్వం పేదవాళ్లకిచ్చిన భూమి చేతులు మారకూడదని 1977లో అసైన్డ్ భూముల చట్టం వచ్చింది. తర్వాత దానికి సవరణలు వచ్చాయి, గడువులు పెట్టారు. కొనేవాడికి ఇదంతా తెలుసు. చట్టం ఒప్పుకోని అమ్మకం కాబట్టే సగం ధర కూడా ఇవ్వడు. గడువు తీరేదాకా ఓపిక పడతాడు. ఆ ఓపిక పట్టే స్తోమత వాడికుంది. మన కష్టకాలమే వాడికి పెట్టుబడి. ఇవాళ పిల్ల ఫీజు కట్టుకోవచ్చు, నిజమే. వచ్చే ఏడాది ఫీజు ఏది పెట్టి కడతాం? ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ధర్నా చేయొచ్చు, స్కాలర్‌షిప్ కోసం ఆఫీసుకి వెళ్లి అడగొచ్చు, సంఘంలో చేబదులు తీసుకోవచ్చు. అమ్మిన స్థలం మాత్రం ఏ ధర్నాకీ వెనక్కి రాదు. అందుకే ఆ చెల్లెమ్మకి మేము చెప్పిన మాట, మీకూ చెబుతున్నాం. పునాదిలో పిచ్చిమొక్కలు లేచినా ఫరవాలేదు, పీకేసుకోవచ్చు. పట్టా మాత్రం వదలొద్దు.

మూడో లెక్క. ఎట్లా నిలబెట్టుకోవాలి? ఊళ్లో డాబాలన్నీ కట్టిందెవరు? తాపీ మేస్త్రి మనవాడు. రాడ్డు వంచేవాడు మనవాడు. సెంట్రింగు, పెయింటింగు, కరెంటు పని, ఇటుక బట్టీ, అన్నీ మనవాళ్లే. ఊరంతటికీ ఇళ్లు కట్టి మన ఇల్లు దగ్గరికొచ్చేసరికి ఒంటరైపోతున్నాం. పది కుటుంబాలు ఒక జట్టు కట్టండి. పది ఇళ్ల ఇనుమూ సిమెంటూ ఒకేసారి కొంటే కొట్టువాడు ధర తగ్గిస్తాడు, ఇసుక బండి కిరాయి పది వాటాలవుతుంది. ఆదివారం ఒకరి ఇంటికి అందరూ పని చేయండి. నాట్ల కాలంలో మన అమ్మలు బదులు పనికి వెళ్లేవాళ్లు, గుర్తుందా? అదే పద్ధతి. కూలి డబ్బు మిగిలితే గోడ లేస్తుంది.

ఎంత ఉంటే అంతే కట్టండి. పునాది, తర్వాత గోడలు, తర్వాత శ్లాబు. బిల్లులు కూడా ఆ దశల వారీగానే వస్తాయి. ఒక గది, వంట చోటు, బాత్రూం పూర్తి చేసి అందులోకి వెళ్లిపోతే అద్దె మిగులుతుంది. ఆ అద్దె డబ్బే రెండో గది అవుతుంది. పెద్ద హాలు కడదామని గోడలు పరిచి పైకప్పు లేకుండా ఆపుకుంటే వానకి ఆ గోడలు కూడా పోతాయి. ఎదురింటి డాబా చూసి మన డాబా గీయొద్దు. గృహప్రవేశానికి ఊరందరికీ భోజనాలని మూడు రూపాయల వడ్డీకి అసలు తేవొద్దు. పాలు పొంగించుకుని, బాబాసాహెబ్ ఫొటో పెట్టుకుని లోపలికి వెళ్లండి. అప్పు తప్పనిసరైతే ముందు డ్వాక్రా సంఘం, తర్వాత బ్యాంకు. వారం వాయిదాలవాడి సంతకం మీ గుమ్మం దాటకూడదు.

కాగితాలు జాగ్రత్త. పట్టా, ఆధారు, బ్యాంకు పుస్తకం, దశల వారీగా తీసిన ఫొటోలు, సిమెంటు బిల్లులు, అన్నీ ఒక కవరులో పెట్టి నాలుగు జిరాక్సులు తీసి ఉంచండి. ఎందుకు చెబుతున్నామంటే 1983 నుంచి 2011 దాకా గృహనిర్మాణ సంస్థ అప్పుతో కట్టుకున్న ఇళ్ల మీద ఆ అప్పు రాత అట్లాగే ఉండిపోయింది. 2021 డిసెంబరు 21న తణుకులో ‘సంపూర్ణ గృహ హక్కు’ పథకం అని, ఊళ్లలో 10,000 కడితే రిజిస్ట్రేషన్ చేస్తామన్నారు. హక్కు వచ్చిందని కట్టినవాళ్లున్నారు, ఎప్పుడో ఇచ్చిన ఇంటికి ఇప్పుడు డబ్బులేమిటని తిరగబడ్డవాళ్లున్నారు. ఏది న్యాయమైనా ఒక సంగతి తేలింది. ముప్పై ఏళ్లు ఉన్న ఇంటికి కూడా కాగితం సరిగా లేకపోతే మన మాట చెల్లదు.

అడగాల్సింది అడగండి. సగంలో ఆగిన ఇళ్లకి ఎస్సీలకి, బీసీలకి 50,000, ఎస్టీలకి 75,000, ఆదిమ గిరిజనులకి లక్ష అదనంగా ఇస్తామని 2025లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ జాబితాలో మీ పేరుందో లేదో సచివాలయంలో చూసుకున్నారా? లేకపోతే ఎందుకు లేదో రాతపూర్వకంగా అడిగారా? 2013లో వచ్చిన ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. మన వాటా మన కాలనీల మీదే ఖర్చు పెట్టాలన్నది దాని సారం. కాలనీకి రోడ్డు, డ్రెయిను, మంచినీళ్లు, కరెంటు స్తంభం, మెరక, ఇవన్నీ మన వాటాలోంచి అడగాలి. ఒక్కడు వెళ్తే “రేపు రా” అంటారు. వంద మంది ఆడవాళ్లు పట్టాలు చేత్తో పట్టుకుని వెళ్తే కుర్చీలోంచి లేస్తారు.

ఇక్కడ ఒక తమ్ముడు లేచి అడగొచ్చు. “మాస్టారూ, ఊరికి దూరంగా, పల్లంలో, మనవాళ్లనే పోగేసి పడేసే లేఅవుటు కొత్త వెలివాడ కాదా?” అని. నిజమైన ప్రశ్న. 2020లో బూరుగుపూడి ఆవ భూములు ఇళ్ల స్థలాలకి కొన్నప్పుడు, ముంపు నేలలో ఇళ్లేమిటని జనం అడిగారు, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. అడగడం న్యాయం. పల్లపు నేల ఇస్తే మెరక చేసి ఇమ్మని పోట్లాడాలి. దూరంగా ఇస్తే బస్సు, బడి, రేషన్ షాపు దగ్గరికి తెమ్మని పోట్లాడాలి. మూడు సెంట్లన్న హామీ మూడు సెంట్లుగా ఇమ్మని పోట్లాడాలి. కానీ పోట్లాడ్డానికైనా ఒక చోటు నుంచి పోట్లాడాలి కదా. వెలివాడకీ కాలనీకీ తేడా ఉంది. వెలివాడ వాళ్లు తోసేసిన చోటు, నేల వాళ్లది. కాలనీలో నేల మనది, కాగితం మనది. ఆ నేల మీద నిలబడి, ఊరి మధ్యలో కూడా మాకు చోటు కావాలని అడుగుదాం. రెండో మాట అడగడానికి మొదటిది వదులుకోనక్కర్లేదు.

ఇక్కడ డిగ్రీలు చదివిన పిల్లలున్నారు, వాళ్లకో పని. ప్రతి పేటలో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎన్ని ఇళ్లు, ఎన్ని కాపురాలు, ఎవరికి పట్టా ఉంది, ఎవరికి లేదు, ఏ ఇల్లు ఏ దశలో ఆగింది, ఏ బిల్లు రాలేదు, అన్నీ రాయండి. ప్రభుత్వం దగ్గర లెక్కలుంటాయి. మన దగ్గర కూడా మన లెక్క ఉంటేనే ఆ లెక్క తప్పో ఒప్పో చెప్పగలం. ఆ పుస్తకాలన్నీ కలిపి వచ్చే నెలలో మండలాఫీసు ముందు పెడదాం. పట్టా లేనివాళ్ల అర్జీలు కూడా ఆ రోజే ఇద్దాం.

రోజులు బాగాలేవు, ఒప్పుకుంటాం. నర్సరీ కూలి చాలడం లేదు, ధరలు ఆగడం లేదు. కానీ మనకి రోజులు ఎప్పుడు బాగున్నాయి చెప్పండి? మంచి రోజులు వచ్చాక ఇల్లు కడదామనుకుంటే మన తాతలు తాటాకు పాక కూడా వేసుకునేవాళ్లు కాదు. చీరాల శిబిరంలో ఉన్నవాళ్లకి మంచి రోజులు రాలేదు, వాళ్లే తెచ్చుకున్నారు. మన చేతుల్లో పని ఉంది, పెట్టెలో పట్టా ఉంది, మన పక్కన మనవాళ్లు ఉన్నారు. పట్టా లేనివాళ్ల వెనక పట్టా ఉన్నవాళ్లు నిలబడాలి. ఈ వారంలోనే జట్లు కట్టండి. పునాది ఉన్నవాళ్లు ముందు పిచ్చిమొక్కలు పీకి శుభ్రం చేసుకోండి. పని మొదలుపెట్టే ఆదివారం చెప్పండి, మేము కూడా తట్ట పట్టుకుని వస్తాం.

జై భీమ్!